మద్యం టోకు వ్యాపార యాజమాన్య బదిలీ (ఆంధ్రప్రదేశ్)

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం టోకు వ్యాపారాన్ని ఒక ప్రైవేటు వ్యక్తి మరొకరికి అమ్మే అవకాశం లేదు. భారతీయ తయారీ విదేశీ మద్యం, బీరు, వైన్‌లను టోకుగా అమ్మే హక్కు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ లిమిటెడ్‌కే ఉంది. మంగళగిరిలో దుకాణం నడిపేవారైనా, బారు నడిపేవారైనా సరుకు ఆ సంస్థ డిపో నుంచే తెచ్చుకోవాలి. టోకు యాజమాన్యం ఇక్కడ చట్టాల ద్వారానే చేతులు మారింది. వ్యక్తుల మధ్య బదిలీ అనే ప్రశ్న చిల్లర దుకాణాలు, బార్లు, తయారీ కేంద్రాల లైసెన్సుల దగ్గరే తలెత్తుతుంది.

చట్టపరమైన ఆధారం

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 8వ అంశం ప్రకారం మత్తు పానీయాల ఉత్పత్తి, రవాణా, కొనుగోలు, అమ్మకం రాష్ట్రాల పరిధిలోవి. వీటిపై ఎక్సైజ్ సుంకం విధించే అధికారాన్ని 51వ అంశం ఇస్తుంది. మద్య నిషేధం వైపు నడవాలని 47వ అధికరణం రాష్ట్రాలకు నిర్దేశిస్తుంది. మద్యం వ్యాపారం పౌరుల ప్రాథమిక హక్కు కాదని, రాష్ట్రం దాన్ని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకోవచ్చని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి లైసెన్సు అంటే ప్రభుత్వం తన హక్కులో కొంత భాగాన్ని, రుసుము తీసుకుని, నిర్ణీత కాలానికి వదిలిపెట్టడమే. పొలంలాగానో ఇంటిలాగానో రిజిస్ట్రేషన్ చేయించి అమ్ముకునే ఆస్తి కాదది. రాష్ట్రంలో ఈ రంగానికి మూల శాసనం 1968 నాటి ఎక్సైజ్ చట్టం.

టోకు హక్కు కార్పొరేషన్‌కు

కార్పొరేషన్ 1986లో కంపెనీల చట్టం కింద ఏర్పడింది. టోకు వ్యాపారం, పంపిణీ, చిల్లర వ్యాపారాల నియంత్రణకు 1993లో వచ్చిన ప్రత్యేక చట్టం దాని గుత్త హక్కుకు శాసన బలం ఇచ్చింది. తమిళనాడులో 1983లో టాస్మాక్, కేరళలో 1984లో బెవరేజెస్ కార్పొరేషన్ అనే ఇలాంటి ప్రభుత్వ సంస్థలు అప్పటికే వచ్చాయి.

ఈ హక్కును కార్పొరేషన్ అమ్ముకోలేదు. దానిపై వచ్చే రాబడిని చూపి అప్పు మాత్రం తెచ్చుకోగలిగింది. 2022లో డిబెంచర్ల ద్వారా 8,300 కోట్ల రూపాయల మేర సమీకరించింది.

2014 విభజన

టోకు యాజమాన్యం విషయంలో చెప్పుకోదగ్గ బదిలీ రాష్ట్ర విభజనతో జరిగింది. తెలంగాణకు వేరే బెవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడింది. సంస్థ రెండయితే పాత బాకీలు ఎవరివన్న చిక్కు ఆ వెంటే వచ్చింది. కార్పొరేషన్ పన్ను బకాయి కింద 2015 జూన్‌లో ఆదాయపు పన్ను శాఖ రిజర్వు బ్యాంకులోని తెలంగాణ ప్రభుత్వ ఖాతా నుంచి సుమారు 1,274 కోట్ల రూపాయలు రాబట్టుకుంది. కార్పొరేషన్ బాకీకి ప్రభుత్వ ఖజానాను ముట్టుకోవడమేమిటని రాష్ట్రం అభ్యంతరం చెప్పింది.

చిల్లర లైసెన్సులు

2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చిల్లర దుకాణాలనూ కార్పొరేషనే నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి అవి తిరిగి ప్రైవేటు లైసెన్సుదారులకు వెళ్లాయి. 3,396 దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు. దుకాణం దక్కకపోతే అది తిరిగిరాదు. వార్షిక ఎక్సైజ్ పన్నును జనాభాను బట్టి 50 లక్షల నుంచి 85 లక్షల రూపాయల వరకు నాలుగు అంచెల్లో నిర్ణయించారు. లైసెన్సు గడువు 2026 సెప్టెంబరు 30. టోకు మాత్రం కార్పొరేషన్ దగ్గరే ఉండిపోయింది. గీత కులాల వారికి విడిగా 340 దుకాణాలు కేటాయించారు.

చిల్లర లైసెన్సు ఎవరి పేరున వస్తే వారిదే. ఎక్సైజ్ అధికారుల అనుమతి లేకుండా దాన్ని అమ్మడం, కౌలుకివ్వడం, మరొకరి చేతికి అప్పగించడం కుదరదు. షరతులు మీరితే లైసెన్సును నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. అయినా లాటరీ తగిలినవారికి ‘గుడ్‌విల్’ ముట్టజెప్పి దుకాణాన్ని తెరవెనుక నుంచి నడిపే సిండికేట్ల సంగతి బహిరంగ రహస్యమే. ఇలాంటి ఒప్పందంలో అసలు ప్రమాదం డబ్బు పెట్టినవారికి. అధికారుల లెక్కలో హక్కులూ బాధ్యతలూ లైసెన్సులో పేరున్నవారివే.

భాగస్వామ్య ఒప్పందాలు

బదిలీ నిషేధాన్ని దాటడానికి ఎక్కువమంది పట్టే దారి భాగస్వామ్యం. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలోనే మద్రాసు హైకోర్టు ఈ దారి మూసింది. సారా, కల్లు లైసెన్సులపై నిబంధనలకు విరుద్ధంగా రాసుకున్న భాగస్వామ్యం, అది లైసెన్సుకు ముందు కుదిరినా తర్వాత కుదిరినా, చెల్లదని వేలు పడయాచ్చి కేసులో ఫుల్ బెంచి తీర్పు చెప్పింది. ఆదాయపు పన్ను కోసం ఇటువంటి సంస్థను భాగస్వామ్యంగా నమోదు చేయడం కుదరదని బిహారీలాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భారత కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో కుదిరిన ఒప్పందం చెల్లదు. భాగస్వాముల మధ్య తగవు వస్తే పెట్టిన పెట్టుబడి వసూలు కోసం కోర్టుకెక్కినా ఫలితం దక్కడం కష్టం.

అమెరికాతో పోలిక

అమెరికాలో అనేక రాష్ట్రాల్లో మద్యం టోకు వ్యాపారం ప్రైవేటుది, దాన్ని కొనవచ్చు, అమ్మవచ్చు. అయితే 1935 నాటి ఫెడరల్ ఆల్కహాల్ అడ్మినిస్ట్రేషన్ చట్టం కింద ఇచ్చే టోకు పర్మిట్ కొన్నవారికి సంక్రమించదు. పర్మిట్‌ను అమ్మినా, కౌలుకిచ్చినా, స్వచ్ఛందంగా బదిలీ చేసినా దానంతటదే రద్దవుతుంది. కంపెనీపై అదుపు కొత్తవారి చేతికి వెళితే 30 రోజుల్లోగా కొత్త దరఖాస్తు పెట్టాలి. అలా పెడితే నిర్ణయం వెలువడేదాకా పాత పర్మిట్ నడుస్తుంది. గోదాము, లారీలు, సరుకు అక్కడ కొన్నవారి సొంతమవుతాయి, అనుమతి మాత్రం కొత్తగా సంపాదించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో టోకు స్థాయిలో ప్రైవేటువారికి ఆ దరఖాస్తు పెట్టే వీలే లేదు.