చీటీ మీది ఊరు

పాత మ్యూజియం పెట్టెల్లో సూది గుచ్చి భద్రపరిచిన ప్రతి సీతాకోకచిలుక కింద ఒక చిన్న కాగితపు చీటీ ఉంటుంది. 19వ శతాబ్దం మొదటి సగంలో ఈశాన్య భారతం నుంచి లండన్ చేరిన వాటిలో చాలా చీటీల మీద కనిపించే ఊరు సిల్హెట్. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఆ పట్టణం చుట్టూ వరిచేలు, వానాకాలంలో సముద్రంలా నిండిపోయే పల్లపు నేలలు. చల్లటి కొండ అడవిలో తప్ప బతకని సీతాకోకచిలుకలకు అక్కడ చోటు లేదు. అవి పట్టుబడింది ఉత్తరాన గోడలా లేచిన ఖాసీ కొండల్లో. ఖాసీ కొండల సున్నపురాయి, కమలాలు సిల్హెట్‌కు దిగి అక్కణ్ణుంచి పడవల మీద కలకత్తా వెళ్లేవి. సీతాకోకచిలుకలూ ఆ దారినే దిగాయి. సరుకు ఎక్కిన రేవు పేరే చీటీకి ఎక్కింది. తర్వాతి తరం శాస్త్రజ్ఞులు ఆ సంగతి గ్రహించి, సిల్హెట్ అని ఉన్నచోట ఖాసీ కొండలని చదువుకోవడం నేర్చుకున్నారు. దీన్ని ఒక్క ఊరికి సంబంధించిన పొరపాటుగా వదిలేయకూడదని నా వాదన. మన కొండల్లో ఏ సీతాకోకచిలుక ఎక్కడ ఉంది, ఎన్ని రకాలుగా ఉంది అని పుస్తకాలు చెప్పేదాంట్లో చాలా భాగం మనుషులు నడిచిన దారుల చరిత్రే. దండు బాటలు, వేసవి విడుదులు, సరిహద్దు ఒప్పందాలు, జ్వరం భయాలు కలిసి ఆ పటాన్ని గీశాయి. ప్రకృతి గీసిన గీతలు ఏవో తేలాలంటే ముందుగా వీటిని విడదీసి చూడాలి.

ఈ శాస్త్రాన్ని మన దేశంలో నిలబెట్టినవాళ్ల కొలువులు చూస్తే మొదటి ఆధారం దొరుకుతుంది. హిమాలయాల మీద ఎగిరే తెల్లని అపోలో జాతి ఒకదానికి 1831లో జె. ఇ. గ్రే పెట్టిన పేరు హార్డ్‌వికీ. ఆ హార్డ్‌విక్ ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో మేజర్ జనరల్. 1882 నుంచి 1890 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన భారత, బర్మా, సింహళ సీతాకోకచిలుకల గ్రంథానికి ఇద్దరు రచయితలు. వారిలో జి. ఎఫ్. ఎల్. మార్షల్ సైన్యపు ఇంజినీరు. 1905, 1907ల్లో ప్రభుత్వ జంతుజాల గ్రంథమాలకు సీతాకోకచిలుకల సంపుటాలు రాసిన బింగ్‌హామ్ సైనికాధికారిగా వచ్చి బర్మా అడవుల శాఖలో స్థిరపడినవాడు. నాగా కొండలు, మణిపూర్ సీతాకోకచిలుకలను లోకానికి చెప్పిన టైట్లర్ సైన్యాధికారి. 1927లో తొలిసారి, 1932లో పెంచి మళ్లీ అచ్చయి, నేటికీ పరిశోధకులు తిరగేసే గుర్తింపు పుస్తకం రాసిన డబ్ల్యు. హెచ్. ఇవాన్స్ కూడా సైన్యపు ఇంజినీరే. సరిహద్దు కనుమల దాకా వెళ్లే అధికారం, సామాను మోసే మనుషులు, పటం చూసే అలవాటు, కొన్నేళ్లకోసారి కొత్త చోటుకు బదిలీ - ఇవన్నీ ఒకేచోట కలిసిన ఉద్యోగం అదొక్కటే. అందరూ సైనికులేనా అని అడగవచ్చు. మార్షల్ సహరచయిత డి నీస్‌విల్ కలకత్తాలో ఒక కోర్టు గుమస్తా. 1890లలో ముస్సోరీ జాబితాను ఆయనతో కలిసి కూర్చిన మెకిన్నన్ బీరు కార్ఖానా యజమాని. నీలగిరుల జాబితాను 1888లో అచ్చువేసిన హాంప్సన్ తేయాకు తోటలవాడు. ఈ అభ్యంతరం సరైనదే. అయితే వీళ్లు సీతాకోకచిలుకలు సేకరించిన చోట్లు ఏవి? ముస్సోరీ, డార్జిలింగ్, ఊటీ. దొరలు ఎండ తప్పించుకోవడానికి, జబ్బుపడిన సిపాయిలు కోలుకోవడానికి ఎంచుకున్న కొండలవి. దండు బాట ఎక్కనివాడు కూడా ఆ బాట చివర కట్టిన విడిదిలోనే వల పట్టాడు.

పటం మీద దీని ముద్ర నేపాల్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో హిమాలయ జాతుల విస్తృతి తరచూ రెండు మాటల్లో తేలిపోతుంది: పడమటి రూపం కాశ్మీర్ నుంచి కుమావూన్ వరకు, తూర్పు రూపం సిక్కిం నుంచి అస్సాం వరకు. కుమావూన్ తూర్పు అంచు కాళీ నది. డార్జిలింగ్ పడమటి అంచున మేచీ నది. ఈ రెండు నదులనూ నేపాల్‌కు ఎల్లలుగా నిర్ణయించింది 1816లో ఖరారైన సుగౌలీ ఒప్పందం. అంటే సీతాకోకచిలుకల ఉపజాతులు ఒక యుద్ధానంతర ఒడంబడిక గీతల దగ్గర ఆగి, మళ్లీ మొదలవుతున్నాయి! మధ్యలో ఉన్నది చిన్న సందు కూడా కాదు. సుమారు 2,400 కిలోమీటర్ల హిమాలయంలో నేపాల్ వాటా 800, అంటే మూడో వంతు. కఠ్మాండూలో ఒక బ్రిటిష్ రెసిడెంటు ఉండేవాడు కాబట్టి ఆ లోయ నుంచి ప్రాణుల నమూనాలు వచ్చేవి. 1930లలో అక్కడ బ్రిటిష్ రాయబారిగా ఉన్న ఎఫ్. ఎం. బెయిలీ స్వయంగా సీతాకోకచిలుకలు సేకరించాడు. కానీ 1950 తర్వాత తలుపులు తెరుచుకునేదాకా దేశంలోని తక్కిన లోయలు బయటివాళ్లకు అందలేదు.

దీనికి గట్టి జవాబు ఒకటుంది, దాన్ని దాటవేయలేం. తూర్పు నుంచి పడమటికి పోయేకొద్దీ హిమాలయాల్లో వానలు తగ్గుతాయి. సిక్కింలోని తడి అడవి కుమావూన్‌లో ఉండదు. కాబట్టి మధ్యలో ఎక్కడో సీతాకోకచిలుకలు మారక తప్పదు, పాత పుస్తకాలు చెప్పిందీ అదే కదా అనవచ్చు. మార్పు నిజమే. ప్రశ్న అది ఎక్కడ, ఎలా జరుగుతుందన్నది. నేపాల్ నడుమ కాళీ గండకీ లోయను తూర్పు, పడమటి ప్రాణుల సరిహద్దుగా ఇప్పుడు చాలామంది చూస్తున్నారు. అయినా కొన్ని జాతులు దాన్ని దాటిపోతాయి, కొన్ని చాలా ముందే ఆగిపోతాయి. కొన్నింటిలో రంగు, మచ్చలు లోయ తర్వాత లోయలో కొద్దికొద్దిగా మారుతూ పోతాయి. రెండు కొసల్లో పట్టిన నమూనాలను పక్కపక్కన పెడితే అవి రెండు ఉపజాతుల్లా కనిపించడం సహజం. నడిమి 800 కిలోమీటర్లవీ వరసలో పెడితే గీత ఎక్కడ గీయాలో తెలియదు. పటంలోని ఖాళీ వల్ల వర్గీకరణలోకి ఒక కృత్రిమమైన మెట్టు వచ్చి చేరింది. విస్తృతిలోని లోపం పేర్లలోకి పాకే తీరు ఇది. కొండ సీతాకోకచిలుకల చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉందని నేననుకోను.

పేర్ల మాట వచ్చింది కనుక అపోలోల దగ్గర కాసేపు ఆగాలి. లినేయస్ 1758లో పేరు పెట్టిన యూరప్ అపోలో మొదలుకొని టిబెట్ అంచున మంచు పక్కనే ఎగిరేవాటి దాకా పార్నాసియస్ ప్రజాతిలో సుమారు 50 జాతులున్నాయి. వెంట్రుకలతో నిండిన ఒళ్లు, రెక్కల మొదట్లో ఎండ వేడిని పీల్చుకునే నల్లటి పొలుసులు, సూర్యుడికి రెక్కలు పరిచి వేడెక్కే అలవాటు - చలికి ఇంతగా ఒదిగిన సీతాకోకచిలుకలు అరుదు. ఆ ఒదుగుదలే వాటిని ఒంటరిని చేస్తుంది. వేడెక్కువైన లోతు లోయ వాటికి సముద్రం లాంటిది. ఒక గట్టు మీదివి పక్క గట్టుకు సులువుగా చేరలేవు. అందువల్ల గట్టుకో తేడా రావడం సహజమే. ఆ తేడాలకు గిరాకీ కూడా ఉండింది. ఎర్రచుక్క కాస్త పెద్దదైనా, నలుపు కాస్త ఎక్కువైనా కొత్త పేరు. కొత్త పేరున్న నమూనాకు సేకర్తల మధ్య ఎక్కువ ధర. ఫెలిక్స్ బ్రిక్, కర్ట్ ఐస్నర్ వంటివారు దశాబ్దాల తరబడి ఈ ఒక్క ప్రజాతి మీదే పనిచేసి లెక్కకు మిక్కిలి పేర్లు పెట్టారు. యూరప్ అపోలో ఒక్కదానికే 200కు పైగా ఉపజాతి పేర్లున్నాయి. ఆ శ్రమను నేను తక్కువ చేయను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో ఉన్న ఐస్నర్ సేకరణ లేకపోతే, మనుషులు చెరిపేసిన కొండచరియల మీద ఏం ఎగిరేదో నేడు తెలిసేది కాదు. కానీ ఒక కనుమలో ఒక ఎండాకాలం పట్టిన పదిపన్నెండు సీతాకోకచిలుకలు ఆ కనుమకే ప్రత్యేకమని ఎలా తెలుస్తుంది? హార్డ్‌విక్ పేరున్న అపోలోలో ఒకే చోట ఎగిరేవి సైతం ఒకదాన్నొకటి పోలి ఉండవు. జాతుల స్థాయిలో మాత్రం ఇంత అయోమయం లేదు. జతకట్టిన తర్వాత మగది ఆడదాని కడుపు చివర అమర్చే మైనం లాంటి మూత ఆకారం జాతుల గుంపులను వేరుచేస్తుంది; ఆ గుర్తుకు బజారుతో పని లేదు.

చీటీలో ఊరు తప్పితే నష్టం ఒక రకం, ఎత్తు లేకపోతే మరొక రకం. వెయ్యి మీటర్లు పైకి ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. సముద్రమట్టానికి కొద్ది వందల మీటర్ల ఎత్తులో ఉక్కగా ఉండే తీస్తా లోయకూ, 2 వేల మీటర్లకు పైన ఉన్న డార్జిలింగ్‌కూ మధ్య దూరం ఒక రోజు నడకలో కరిగిపోతుంది. ఆ నడకంతా నడిచింది లెప్చాలు. డార్జిలింగ్‌లో ఉంటూ సిక్కిం సీతాకోకచిలుకలను సేకరించిన ఆటో మోలర్ వంటివాళ్లకు వలలు పట్టుకుని లోయల్లోకి దిగింది, కనుమలెక్కింది ఈ కొండవాళ్లే. మొక్కలకూ ప్రాణులకూ తమ భాషలో పేర్లున్నవాళ్లు. ఏది ఏ వాగు దగ్గర, ఏ నెలలో దొరుకుతుందో తెలిసినవాళ్లు. 1888లో మోలర్ సమాచారంతో ఎల్వెస్ అచ్చువేసిన సిక్కిం జాబితా వెనుక ఆ కాళ్ల కష్టం ఉంది. డార్జిలింగ్ బల్ల మీదికి చేరేసరికి తీస్తా ఒడ్డున పట్టిందీ, మంచు అంచున పట్టిందీ, ఒక్కోసారి భూటాన్ వైపు పట్టిందీ అన్నీ సిక్కిం చీటీ కిందికే వచ్చేవి. పట్టినవాడికి తెలిసిన ఎత్తు, వాగు, నెల చీటీకి ఎక్కలేదు, అతని పేరు అసలే ఎక్కలేదు. సిక్కిం నిజంగానే సంపన్నమైనది, అందుకే అన్ని జాతులు దొరికాయి అంటే ఒప్పుకుంటాను. తీస్తా ఒడ్డు నుంచి కాంచన్‌జంగ దాకా అంత చిన్న జాగాలో అన్ని వాతావరణాలు మరోచోట దొరకడం కష్టం. కానీ ఆ సంపద పొరుగు లోయల కంటే ఎంత ఎక్కువ అని తేల్చాలంటే పొరుగు లోయలనూ అంత శ్రద్ధగా వెతికి ఉండాలి. 1873 నాటి ఇన్నర్ లైన్ చట్టంతో నేటి అరుణాచల్ కొండల్లోకి పోకలకు అనుమతి తప్పనిసరి అయింది. పోల్చడానికి తక్కెడ రెండో పళ్లెం చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

ఖాళీలో ఏముండవచ్చో భూటాన్ ఒకసారి చూపించింది. మొక్కలు, పక్షుల కోసం తిరిగిన ఫ్రాంక్ లడ్లో, జార్జ్ షెరిఫ్‌లకు 1933-34లో తూర్పు భూటాన్‌లోని త్రాషియాంగ్‌త్సే లోయలో అరచేయంత సీతాకోకచిలుక దొరికింది: నల్లటి రెక్కల మీద సన్నటి లేత గీతలు, వెనుక రెక్కలకు తోకలు, ఎర్రటి మచ్చ. 1942లో గేబ్రియల్ దాన్ని కొత్త జాతిగా వర్ణించి లడ్లో పేరు పెట్టాడు. ఆ తర్వాత లండన్ పెట్టెలోని ఐదు నమూనాలే ప్రపంచానికి తెలిసిన సాక్ష్యం. 2009లో భూటాన్ అటవీ ఉద్యోగి కర్మా వాంగ్‌డీ ఆ లోయలోనే దాన్ని మళ్లీ చూశాడు. నడుమ 75 ఏళ్లు అది ఎక్కడికీ పోలేదు. అరుదైన ప్రాణి కనుక కంటబడలేదని అనవచ్చు, అది కొంత నిజం. కానీ అది మనిషి అడుగుపెట్టలేని మంచుకొండ కాదు. ఊళ్లూ పొలాలూ ఉన్న లోయ. చిన్నగా, గోధుమ రంగులో ఉండి నిపుణుడికి తప్ప ఆనవాలు చిక్కని జాతుల మాట అటుంచితే, భారత ఉపఖండపు అతి అందమైన సీతాకోకచిలుకల్లో ఒకటి ముప్పాతిక శతాబ్దం కనుమరుగై ఉందంటే, పుస్తకాల్లో లేదు అన్న మాటకు ఎంత బరువివ్వాలో తెలుస్తుంది.

ఈ ప్రశ్న మన కొండల్లోకీ వస్తుంది. హిమాలయాల్లో ఎగిరే భారతీయ రెడ్ అడ్మిరల్ నీలగిరుల్లోనూ, శ్రీలంకలోనూ ఉంది. చలి ప్రాంతాల పసుపు సీతాకోకచిలుకల్లో ఒకటి ఊటీ గడ్డికొండల మీద వేరే జాతిగా నిలిచింది. మధ్యలో రెండు వేల కిలోమీటర్ల వేడి నేల. మంచు యుగంలో మైదానాలు చల్లబడినప్పుడు ప్రాణులు దక్షిణానికి దిగి, వేడి తిరిగొచ్చాక కొండలెక్కాయని భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ వాదించాడు. కొండవాగుల చేపలను చూసి సుందర్ లాల్ హోరా 1949లో సాత్పురా కొండలే ఆ వంతెన అన్నాడు. రెండు వాదాలూ మధ్య ఖాళీని ఆధారంగా తీసుకున్నవే. ఆ ఖాళీలో మన తూర్పు కనుమలూ ఉన్నాయి. ఊటీకి హాంప్సన్, డార్జిలింగ్‌కు మోలర్ ఉన్నట్టు పాడేరుకో, గూడేనికో ఎవరూ లేరు. దండు అక్కడికీ వచ్చింది: 1879 రంప పితూరీకి, 1922-24లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి. కానీ అది అణచడానికి వచ్చి వెళ్లిపోయిన దండు. మన్యపు జ్వరానికి భయపడి కొండ మీద విడిది కట్టుకోలేదు, ఏడాది పొడవునా వల పట్టే తీరిక ఎవరికీ దొరకలేదు. కాబట్టి దారి ఒక్కటే చాలదు, నిలకడ కూడా కావాలని నా వాదనను కాస్త సవరించుకుంటాను.

అలాగని మన్యంలో ఊటీ పసుపు సీతాకోకచిలుక దాగి ఉందని చెప్పడం తొందరపాటు. అల్లూరి జిల్లాలోని అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్లకు చేరవు, ఊటీ దగ్గరి దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. ఎత్తైన గడ్డికొండల చలి కావాల్సిన జాతికి ఇక్కడ చోటు లేదు, ఆ లోటు నిజమైనదే. తడి అడవి జాతుల సంగతి వేరు. వాటికి వాగు లోయ, నీడ చాలు. పోలికను చూసి చుట్టరికం కట్టడం కూడా ప్రమాదమే. నీలగిరి తార్ హిమాలయ తార్‌కు దగ్గరి బంధువని ఎన్నాళ్లో నమ్మారు. 2005లో డీఎన్ఏ పరీక్షలు దాన్ని గొర్రెల పక్కన చేర్చాయి. ఏ సీతాకోకచిలుక హిమాలయాల నుంచి వచ్చిందో, ఏది ఇక్కడే పుట్టి ఆ పోలిక తెచ్చుకుందో ఒక్కో జాతికీ వేరుగా తేల్చాలి. దానికి అనంతగిరి, చింతపల్లి, మారేడుమిల్లి అడవుల నుంచి కొత్త చీటీలు కావాలి. వాటి మీద ఊరితోపాటు ఎత్తు, వాగు, తేదీ, పట్టిన కొండవాడి పేరు ఉండాలి. ఏ లోయను ఎన్ని రోజులు వెతికితే ఫలానాది కనబడలేదో ఆ లెక్క కూడా పక్కనే ఉండాలి.