బొమ్మ పెట్టేవారూ, బొమ్మ తుడిచేవారూ

న్యూజిలాండులో ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగువాడికీ కౌన్సిలు నుంచి రేట్ల బిల్లు వస్తుంది. మన వైపు ఇంటి పన్ను అంటామే, అదే. కాకపోతే ఇక్కడ అది ఏడాదికి వేల డాలర్ల మాట. ఆ బిల్లు వచ్చిన వారంలో ఎవరింట్లో నలుగురు మనవాళ్ళు భోజనాలకి కలిసినా, పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అన్న చర్చకంటే ముందు ఒక మాట వినిపిస్తుంది: "రోడ్డు మీద గుంతలు పూడ్చడానికి డబ్బుల్లేవుట గానీ, బొమ్మలు పెట్టడానికి మాత్రం ఉన్నాయి." ఈ మాట ఇప్పటిది కాదు, మనవాళ్ళు కనిపెట్టిందీ కాదు. తెల్లవాళ్ళు ఇక్కడ ఊళ్ళు కట్టుకున్న కొత్తలోనే పుట్టింది. ఆ చరిత్ర కాస్త తెలుసుకుంటే మన ఫిర్యాదులో ఎంత న్యాయం ఉందో, ఎంత లేదో తేలుతుంది.

క్రైస్ట్‌చర్చ్ కెథీడ్రల్ స్క్వేర్‌లో జాన్ రాబర్ట్ గాడ్లీ విగ్రహం ఉంది. కాంటర్‌బరీ వలసకి మూలపురుషుడాయన. లండన్ శిల్పి థామస్ వుల్నర్ చేత చేయించిన ఈ కంచు విగ్రహాన్ని 1867 ఆగస్టులో ఆవిష్కరించారు. ఈ దేశంలో బహిరంగ స్థలంలో వెలసిన మొదటి వ్యక్తి విగ్రహం ఇదేనంటారు. చేయించినది అప్పటి ప్రాంతీయ ప్రభుత్వం. అంటే కథ మొదట్లోనే ప్రజల డబ్బుతో మొదలైందన్నమాట. వంతెనలూ మురుగు కాలవలూ ఇంకా సరిగ్గా లేని ఊరు, సముద్రాల అవతలి నుంచి ఒక కంచు మనిషిని తెప్పించుకుంది! మనం ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాదే, ఇంకా సోఫా కొనకముందే, వెంకటేశ్వరస్వామి పటం గోడకి తగిలించుకోలేదూ? అలాంటిదే.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పది లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో దాదాపు 18,000 మంది చనిపోయారు. వాళ్ళ శరీరాలు ఇళ్ళకి రాలేదు. గాలిపోలిలోనో ఫ్రాన్సులోనో ఉండిపోయాయి. సమాధి లేని తల్లిదండ్రులకి పూలు పెట్టుకోవడానికి ఒక చోటు కావలసి వచ్చింది. ఆ అవసరం లోంచి ఊరూరా స్మారక స్తంభాలు లేచాయి. మొత్తం 500 పైమాటే. వీటికి చాలావరకు ప్రభుత్వం ఇచ్చింది కాదు, ఊరివాళ్ళు చందాలు వేసుకున్నది. మీరెప్పుడైనా కారులో పల్లెదార్లు పట్టి వెళ్తే, నాలుగు ఇళ్ళూ ఒక పెట్రోలు బంకూ ఉన్న ఊళ్ళో కూడా మధ్యన ఒక రాతి సైనికుడు తలవంచుకుని నిలబడి కనిపిస్తాడు. ఆగి ఆ పేర్లు చదవండి. ఒకే ఇంటిపేరుతో రెండు మూడు పేర్లుంటాయి. ఆ రాయికి డబ్బులెందుకు ఖర్చు పెట్టారని అడిగే నోరు ఎవరికీ రాదు.

రెండో యుద్ధం అయ్యాక మాత్రం ఆలోచన మారింది. రాతిబొమ్మలు చాలు, బతికున్నవాళ్ళకి పనికొచ్చేవి కట్టుకోండి అన్నారు. ఊరు ఒక పౌను పోగుచేస్తే ప్రభుత్వం ఇంకో పౌను ఇస్తుందని 1946లో పథకం పెట్టారు. అలా దేశమంతటా వందల 'వార్ మెమోరియల్ హాళ్ళు' వచ్చాయి. ఆక్లండ్‌లోని మౌంట్ ఈడెన్ వార్ మెమోరియల్ హాలు వంటివి మనలో చాలామందికి తెలుసు. మన ఉగాది పచ్చడి పంచుకున్నదీ, పిల్లల కూచిపూడి అరంగేట్రాలు జరిగినదీ, సంక్రాంతి ముగ్గుల పోటీలో బియ్యప్పిండి నేల మీద రాలిందని కేర్‌టేకర్ చేత చీవాట్లు తిన్నదీ ఇలాంటి హాళ్ళలోనే. బల్లలు జరిపి కుర్చీలు వేసుకునే హడావుడిలో గోడ మీది పేర్ల పలక ఎవరు చూస్తారు? ఆ హాలు కూడా ఒక స్మారక చిహ్నమే. పోయినవాళ్ళ పేరు మీద కట్టిన చోటే మనం పండగ చేసుకుంటున్నాం. కట్టినవాళ్ళు కోరుకున్నదీ అదే కాబట్టి అందులో తప్పేమీ లేదు.

వీరులూ, యుద్ధమూ, రాణిగారూ కాకుండా ఉత్తినే చూసి నవ్వుకోవడానికి ఊరు డబ్బు పెట్టడం బాగా తరువాతి సంగతి. వెల్లింగ్టన్‌లో క్యూబా వీధి నుంచి ట్రాం పట్టాలు తీసేశాక అక్కడ నడిచేవాళ్ళ కోసం ఒక మాల్ కట్టారు. అందులో 1969లో బకెట్ ఫౌంటెన్ పెట్టారు. రంగురంగుల బకెట్లు ఒకదాని మీద ఒకటి. నీళ్ళు నిండగానే బోల్తా పడి కిందిదానిలో పోస్తాయి. పోయవలసిన చోట కాక, దారిన పోయేవాళ్ళ మీద చిలకరిస్తాయి. బర్రెన్ అండ్ కీన్ అనే ఆర్కిటెక్టుల సంస్థ దీన్ని చేసింది. ఎందరో దాన్ని ఈసడించుకున్నారు. కుర్రకారు అందులో బట్టల సబ్బు పొడి వేసి వీధంతా నురగ చేశారు. మరి ఇవాళ? దాన్ని తీసేస్తామంటే ఊరు ఊరంతా అడ్డం పడుతుంది. యాభై ఏళ్ళు కళ్ళ ముందు ఉన్న బొమ్మకి అందంతో పని ఉండదు. ఇంట్లో ముసలి మేనత్త లాంటిది అది.

డబ్బు సంగతి చూద్దాం. వెల్లింగ్టన్‌లో 1980ల మొదట్లో కొందరు కళాభిమానులు ఒక ట్రస్టు పెట్టారు. వెల్లింగ్టన్ స్కల్ప్చర్ ట్రస్టు అంటారు. లండన్‌లో పుట్టి 1963లో ఇక్కడికి వలస వచ్చిన టాన్యా ఆష్కెన్ అనే శిల్పి చేత 'ఆల్బట్రాస్' అనే శిల్పం చేయించి రేవు ఒడ్డున నిలబెట్టడం వాళ్ళ మొదటి పని. అది 1986లో పూర్తయింది. అక్కడి నుంచి ఒక పద్ధతి స్థిరపడింది. ట్రస్టు వాళ్ళు కంపెనీల దగ్గరా దాతల దగ్గరా గ్రాంట్లిచ్చే సంస్థల దగ్గరా జోలె పడతారు. కౌన్సిలు కొంత ఇస్తుంది. శిల్పం పూర్తయ్యాక ఊరికి కానుకగా అప్పగిస్తారు. ఆ క్షణం నుంచి అది కౌన్సిలు ఆస్తి. దాని మంచీ చెడూ అంతా కౌన్సిలే చూసుకోవాలి.

వినడానికి ముచ్చటగా ఉంది కదా! కానీ ఏనుగుని కానుకగా ఇచ్చినవాడు గొప్పవాడు, ఏనుగుని మేపేవాడి సంగతేమిటి? వెల్లింగ్టన్ గాలి ఊరు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలో కోబ్‌హామ్ డ్రైవ్ పక్కన మెరిడియన్ ఎనర్జీ అనే విద్యుత్ కంపెనీ సాయంతో గాలికి ఊగే శిల్పాలు పెట్టారు. వాటిలో 2003లో పెట్టిన ఫిల్ ప్రైస్ శిల్పం 'జెఫిరోమీటర్' ఒకటి. 26 మీటర్ల పొడుగు నారింజరంగు సూది. 2014లో దానికి పిడుగు తగిలింది. పైభాగం పేలి ముక్కలైంది. దాన్ని మళ్ళీ చేయించి నిలబెట్టవలసి వచ్చింది. సివిక్ స్క్వేర్‌లో తీగల మీద వేలాడే నీల్ డాసన్ 'ఫెర్న్స్' కథా ఇటువంటిదే. 1998లో పెట్టారు. 2015లో ఇంజనీర్లు చూసి ఇది జనం తలల మీద ఉండడం క్షేమం కాదని దింపించారు. 2018 దాకా ఆకాశం బోసిగా ఉండిపోయింది.

కంచుకి మైనం పట్టించాలి, పెయింటు రాతలు తుడవాలి, మోటార్లకి నూనె వేయాలి, బోల్టులు పరీక్షించాలి, ఇన్సూరెన్సు కట్టాలి. ఈ ఖర్చుకి ఫలకం మీద ఎవరి పేరూ చెక్కరు. ఆవిష్కరణకి మేయరు వస్తారు, ఫొటోలు పడతాయి. తుడుపు గుడ్డకి రిబ్బను కట్టరు కదా. నా దృష్టిలో ఏ కౌన్సిలు యోగ్యతనైనా కొత్త బొమ్మతో కాక, పాతికేళ్ళ నాటి బొమ్మ పరిస్థితిని బట్టి కొలవాలి. మన దేవాలయాలలో నిత్య ధూపదీపాలకి మాన్యాలు రాసిచ్చిన రాజులకి ఈ విషయం బాగా తెలుసు. గుడి కట్టడం ఒక ఎత్తు, నూనెకి భూమి ఇవ్వడం ఇంకొక ఎత్తు.

మన ఊళ్ళనీ తలుచుకుందాం. హైదరాబాదు టాంక్‌బండ్ మీది విగ్రహాలు ఎన్.టి. రామారావుగారి హయాంలో 1980లలో వచ్చాయి. నన్నయ నుంచి మొదలుకొని ముప్ఫై మందికి పైగా. అప్పుడే మొదలైన బుద్ధవిగ్రహం, 58 అడుగుల ఏకశిల, గణపతి స్థపతిగారి ఆధ్వర్యంలో తయారైంది. 1990 మార్చి 10న పడవ మీద సాగర్‌లోకి తీసుకువెళ్తుండగా ఒరిగి నీళ్ళలో పడిపోయింది. మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ళకి, మళ్ళీ మార్చి 10నే, 2011లో మిలియన్ మార్చ్‌లో టాంక్‌బండ్ విగ్రహాలు చాలావాటిని పగలగొట్టారు. తరువాత ప్రభుత్వం వాటిని మళ్ళీ పెట్టించింది. ఆ రోజు జరిగిన దాని మీద మనలో ఇప్పటికీ రెండు మాటలున్నాయి, ఇక్కడ ఆ తగవు వద్దు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఎవరి విగ్రహం ఉండాలో ఊరిని అడగలేదు. అడగకుండా పెట్టినదాన్ని అడగకుండానే కూల్చారు.

అడిగితే ఏమవుతుందో ఈ దేశపు ఉత్తరాన రెండు ఊళ్ళు చూపించాయి. ఆస్ట్రియా నుంచి వచ్చి కవాకవా దగ్గర స్థిరపడిన చిత్రకారుడు హుండర్ట్‌వాసర్ ఆ చిన్న ఊరికి ఒక పబ్లిక్ టాయిలెట్ గీసిచ్చాడు. నవ్వకండి, మరుగుదొడ్డే. 1999లో తెరిచారు. కూల్చిన బ్యాంకు భవనం ఇటుకలు, పాత సీసాలతో కిటికీలు, స్థానిక హైస్కూలు పిల్లలు చేసిన పలకలు, పైకప్పు మీద గడ్డి, గోడల మధ్య ఉన్న చెట్టుని కొట్టకుండా అలాగే వదిలేశారు. ఊరికి ఎలాగూ కొత్త దొడ్డి కావాలి. కట్టేదేదో అందంగా కట్టుకున్నారు. ఇప్పుడు బస్సుల నిండా జనం దాన్ని చూడడానికి వస్తారు. ప్రపంచంలో టాయిలెట్ ముందు నిలబడి ఫొటో దిగే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఆయనే ఫాంగరేలో రేవు పక్కన పాత భవనాన్ని కళాకేంద్రంగా మార్చాలని 1990లలో ఊహించాడు. 2000లో చనిపోయాడు. కౌన్సిలు ఒకసారి ఔననీ ఒకసారి కాదనీ ఏళ్ళు గడిపింది. చివరికి 2015లో ఊరివాళ్ళ ఓటుకి పెట్టారు. హుండర్ట్‌వాసర్ కేంద్రమా, వేరే రకం కేంద్రమా, లేక భవనం కూల్చేయడమా? సగం కంటే కొంచెం ఎక్కువ మంది మొదటిదానికి ఓటేశారు. అయినా పని అయిపోలేదు. గడువులోగా నిధులు పోగుచేయవలసిన భారం వాలంటీర్ల మీద పడింది. 2022 ఫిబ్రవరిలో తలుపులు తెరిచారు, మావోరీ కళకి ప్రత్యేకమైన గాలరీతో సహా. దాదాపు ముప్ఫై ఏళ్ళు! పెళ్ళిసంబంధం కూడా ఇంత కాలం నానదు. కానీ అక్కడ ఓడిపోయినవాళ్ళకి కూడా తమని అడగలేదనే బాధ లేదు.

ఆక్లండ్ క్వీన్స్ వార్ఫ్ మీద 2017లో వచ్చిన మైకేల్ పారెకోవై శిల్పం 'ది లైట్‌హౌస్' విషయంలో తగవు వేరు. అది పాతకాలపు ప్రభుత్వ ఇంటి నమూనా. లోపల స్టీలు కెప్టెన్ కుక్ దిగాలుగా కూర్చుని ఉంటాడు. బార్‌ఫుట్ అండ్ థామ్సన్ అనే ఇళ్ళ అమ్మకాల కంపెనీ పది లక్షల డాలర్లిచ్చింది. మిగిలినది ఇతర దాతలూ కౌన్సిలూ. ఇళ్ళ ధరలు ఆకాశాన్నంటి సామాన్యుడు కార్లలో పడుకుంటున్న రోజుల్లో, ఇళ్ళు అమ్మే కంపెనీ డబ్బుతో, ఎవరూ కాపురం ఉండలేని ఇల్లు! జనానికి ఒళ్ళు మండింది. నాకు మాత్రం మంచి శిల్పమే అనిపించింది. ఒళ్ళు మండించడం కూడా దాని పనిలో భాగమే.

కానుకని కాదనడమూ నేర్చుకోవాలి. హామిల్టన్ నగరంలో కెప్టెన్ హామిల్టన్ విగ్రహం ఒక సంస్థ 2013లో ఊరికి ఇచ్చినది. మావోరీలతో యుద్ధంలో పోరాడిన ఆ అధికారి బొమ్మని తీసేయమని వైకాటో-టైనుయీ తెగవారు కోరితే 2020 జూన్ 12న కౌన్సిలు తీసేసింది. ఏడేళ్ళలో కానుక కాస్తా తలనొప్పి అయింది. వెల్లింగ్టన్ రైల్వే స్టేషను ముందు గాంధీగారి విగ్రహం కూడా కానుకే, 2007లో మన భారత ప్రభుత్వం ఇచ్చినది. అక్టోబరు రెండున పూలదండ వేస్తాం. మిగతా రోజులు పావురాల రెట్టలు కడిగే పని ఊరిది.

ఇదంతా నడిపే చట్టం 2002 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం. ఊరి సాంఘిక, ఆర్థిక, పర్యావరణ, సాంస్కృతిక శ్రేయస్సు నాలుగూ కౌన్సిలు బాధ్యతలే అంది. 2012లో ఒక ప్రభుత్వం ఆ నాలుగూ తీసేసింది. 2019లో ఇంకో ప్రభుత్వం తిరిగి పెట్టింది. 2025లో మళ్ళీ తీసేసే బిల్లు పార్లమెంటుకి వచ్చింది. 2024లో ప్రధాని లక్సన్ కౌన్సిళ్ళ సమావేశంలో, ఉంటే బాగుండు అనిపించేవి మానుకుని తప్పనిసరివి చూసుకోమన్నారు. ఏది తప్పనిసరి అన్నదే అసలు తగవు. మన భాషాసంఘాలకి హాలు అద్దెలో వచ్చే రాయితీ, దీపావళి వేడుకకి కౌన్సిలిచ్చే గ్రాంటు, పిల్లల తెలుగు బడికి లైబ్రరీలో దొరికే గది కూడా ఆ 'సాంస్కృతిక' అన్న ఒక్క మాట నీడలోనే బతుకుతున్నాయి. బొమ్మలకి డబ్బు దండగ అని భోజనాల దగ్గర అన్నప్పుడు ఆ గొడ్డలి ఏ కొమ్మ మీద పడుతుందో కూడా చూసుకోవాలి.

కౌన్సిళ్ళు మూడేళ్ళకోసారి పదేళ్ళ ప్రణాళిక వేసి జనం అభిప్రాయం అడుగుతున్నాయి. 2024లో అలా వేశారు. ఎవరైనా రాయవచ్చు, పౌరసత్వం అక్కరలేదు, ఇంగ్లీషు గొప్పగా రానక్కరలేదు. కావాలంటే వెళ్ళి కౌన్సిలర్ల ముందు నాలుగు నిమిషాలు మాట్లాడనూ వచ్చు. మన సంఘం సమావేశంలో ఎవరెవరు ఎప్పుడైనా రాశారని ఒకసారి అడిగి చూశాను. అరవై మందిలో రెండు చేతులు లేచాయి. అందులో ఒకాయన రాసింది చెత్తబుట్టల గురించి.