తండ్రి కుండలు, కొడుకు కేటలాగు

మన ఫీల్డులో నాలుగైదేళ్ళు పనిచేసిన ఎవర్నైనా కాస్త కదిపి చూడండి, లోపల ఇంకో మనిషి కనబడతాడు. ఒకడికి ఫొటోగ్రఫీ, ఒకడికి షార్ట్ ఫిల్ములు, ఇంకొకామెకి వీణ. "ఇంకో రెండేళ్ళు లాగించి, ఫ్లాటు లోను తీరిపోతే, ఇదంతా వదిలేసి హాయిగా..." అని అక్కడ ఆగిపోతారు. ఆ 'హాయిగా' తర్వాత ఏముంటుందో ఎవరూ చెప్పరు. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు ఎవరు కడతారో అసలే చెప్పరు. ఉద్యోగమంటే బోరు, కళ అంటే స్వేచ్ఛ, ఈ రెంటికీ ఉప్పూ నిప్పూ అన్నది మనలో చాలామంది నమ్మకం.

నాకు ఈ నమ్మకం మీద అనుమానం పుట్టించింది కుండల చరిత్ర. అవును, కుండలే :) ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతంలో సెయింట్ ఐవ్స్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ 1920లో మొదలైన ఒక కుండల కార్ఖానా, పేరు లీచ్ పోటరీ, నాలుగు ఖండాల్లో కుండలు చేసేవాళ్ళని తయారుచేసింది. ఆ కథ చదివినవాళ్ళకి సాధారణంగా గుర్తుండేది తండ్రి బెర్నార్డ్ లీచ్. నాకు మాత్రం కొడుకు డేవిడ్ గుర్తుండిపోయాడు. ఎందుకో చెప్తాను.

బెర్నార్డ్ లీచ్ 1887లో హాంకాంగ్‌లో పుట్టాడు. లండన్‌లో బొమ్మలు వెయ్యడం నేర్చుకుని, ఎచింగ్ నేర్పిద్దామని 1909లో జపాన్ వెళ్ళాడు. 1911లో ఒక స్నేహితుల కూటమిలో, అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే కుండ మీద బొమ్మ వెయ్యమని అతని చేతికొకటి ఇచ్చారు. ఆ కుండ ఎర్రగా కాలి బయటకొచ్చేసరికి మనవాడి జాతకం మారిపోయింది. ఆరో కెంజాన్ అనే గురువు దగ్గర పని నేర్చుకున్నాడు. 1920లో ఇంగ్లండు తిరిగొస్తూ ఒక జపాన్ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అతని పేరు హమదా షోజీ, వయసు పాతికేళ్ళు.

ఇక్కడ మనలాంటి వాళ్ళు గమనించాల్సిన సంగతొకటుంది. హమదా చదివింది ఆర్ట్ స్కూల్లో కాదు, టోక్యోలోని ఉన్నత పారిశ్రామిక పాఠశాలలో. ఆ తర్వాత క్యోటోలో ఒక సెరామిక్ పరీక్షా కేంద్రంలో చేరి, కవాయ్ కంజిరో అనే సీనియర్‌తో కలిసి గ్లేజుల మీద వేలకొద్దీ ప్రయోగాలు చేశాడు. గ్లేజు అంటే కుండ మీద అద్దంలా మెరిసే పూత. ఏ బూడిద ఎంత కలపాలి, ఏ రాయి ఎంత నూరాలి, ఎంత వేడిలో ఏ రంగు వస్తుంది... ఇదీ వాళ్ళ పని. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేసులు రాసుకుంటూ కూర్చున్న ఇంజనీరన్నమాట. కల లీచ్‌ది, కెమిస్ట్రీ హమదాది.

ఇద్దరూ కలిసి సెయింట్ ఐవ్స్‌లో జపాన్ పద్ధతిలో మెట్లమెట్లుగా పైకెక్కే బట్టీ కట్టారు. పాశ్చాత్య దేశాల్లో అలాంటిది అదే మొదటిది. చోటు ఎంపిక మాత్రం చూడండి... కార్న్‌వాల్‌లో చెట్లు తక్కువ, బట్టీకేమో కట్టెలు బండ్లకొద్దీ కావాలి. అక్కడ దొరికే మట్టి కూడా వాళ్ళకి కావలసిన రకం కాదు. మొదటి బట్టీ సరిగ్గా పనిచెయ్యలేదు. జపాన్ నుంచి మత్సుబయాషి అనే కుండల వంశం ఇంజనీరు వచ్చి 1923లో మూడు గదుల బట్టీ కొత్తగా కడితే అది 1970ల దాకా నిలిచింది. అదే ఏడాది చివర్లో హమదా జపాన్ వెళ్ళిపోయాడు.

తర్వాత పదేళ్ళూ లీచ్ తిప్పలు పడ్డాడు. పేరుంది, పత్రికల్లో రాస్తున్నారు, మైకేల్ కార్డ్యూ లాంటి చదువుకున్న శిష్యులు వచ్చి చేరుతున్నారు. డబ్బులే లేవు. బట్టీ తెరిచిన ప్రతిసారీ కొన్ని పగిలినవి, కొన్ని వంకర తిరిగినవి. ఇంగ్లండులో అమ్ముడుపోనివి జపాన్‌లో ప్రదర్శనలు పెట్టి అమ్ముకునేవాడు. ఒక్కో కుండా కళాఖండమే, కార్ఖానా మాత్రం ఎప్పుడు మూతబడుతుందో తెలీని పరిస్థితి. ఏ ఫండింగూ రాని స్టార్టప్‌లో పనిచేసినవాళ్ళకి ఈ వాసన బాగా తెలుసు.

ఆ సమయంలో చెయ్యందించింది లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్. మనకి సంబంధం ఉన్న మనిషే. 1922లో శాంతినికేతన్ పక్కన రవీంద్రనాథ్ టాగోర్ మొదలుపెట్టిన శ్రీనికేతన్ గ్రామ పునర్నిర్మాణ కేంద్రానికి తొలి డైరెక్టరు ఈయనే. తర్వాత ఇంగ్లండు వెళ్ళి, భార్య డొరొతీతో కలిసి డార్టింగ్టన్ హాల్ అనే ఎస్టేటులో అలాంటి ప్రయోగమే మొదలుపెట్టాడు. పల్లె బతకాలంటే అక్కడ చేతిపనులు బతకాలి, చేతిపనులు బతకాలంటే వాటి లెక్కలు సరిపోవాలి... ఇదీ ఆయన తోవ. 1934లో లీచ్‌ని మళ్ళీ జపాన్ పంపించింది ఆయన డబ్బే.

తండ్రి జపాన్‌లో ఉండగా కార్ఖానా బాధ్యత డేవిడ్ మీద పడింది. 1911లో టోక్యోలో పుట్టిన ఈ అబ్బాయి 1930లో తండ్రి దగ్గర పనికి చేరాడు. తను చేస్తున్న పని గురించి తనకి శాస్త్రీయంగా ఏమీ తెలీదని అర్థం చేసుకుని, తండ్రి వర్గం వాళ్ళు కలలో కూడా చెయ్యని పని చేశాడు. పింగాణీ ఫ్యాక్టరీలకి రాజధాని అయిన స్టోక్-ఆన్-ట్రెంట్ వెళ్ళి, అక్కడి టెక్నికల్ కాలేజీలో పోటరీ మేనేజర్ల కోర్సులో చేరాడు! చేతికళని ఫ్యాక్టరీలే చంపేస్తున్నాయని వీళ్ళు ఊరంతా చెబుతుంటే ఆ ఫ్యాక్టరీ మేనేజర్లు చదివే చదువు. మడి కట్టుకున్న ఇంట్లో కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరినట్టు. తండ్రికి ఇది రుచించలేదు.

తిరిగొచ్చి డేవిడ్ చేసినవి ఇవి. తక్కువ వేడిలో కాల్చే సామాను ఆపేసి స్టోన్‌వేర్‌కి మార్చాడు. తేడా కావాలంటే మన ఇంట్లోనే ఉంది. నీళ్ళ కుండ చెమ్మగిల్లుతుంది, గట్టిగా తగిలితే పెచ్చు ఊడుతుంది. ఆవకాయ జాడీ ఏడాదంతా ఉప్పూ నూనే భరించి కూడా చెక్కుచెదరదు. జాడీ స్టోన్‌వేర్, 1200 డిగ్రీల పైన కాలి రాయిలా బిగుసుకున్న మట్టి. రెండు, కట్టెల బదులు బట్టీకి ఆయిల్ బర్నర్లు పెట్టించాడు, మట్టి కలపడానికి మిషన్లు తెచ్చాడు. మూడు, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే ఆర్ట్ స్టూడెంట్లతో పాటు ఊళ్ళో కుర్రాళ్ళని అప్రెంటిసులుగా తీసుకున్నాడు. 1938లో చేరిన బిల్ మార్షల్ వాళ్ళలో మొదటివాడు, పదిహేనేళ్ళవాడు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, స్టాండర్డ్ వేర్. కప్పు, సాసరు, సూప్ గిన్నె, పాల జగ్గు, గుడ్డు పెట్టుకునే గిన్నె... ప్రతిదానికీ ఒక నంబరు, కొలత, మట్టి బరువు, ధర. అన్నీ వేసి కేటలాగు అచ్చేశారు. జనం పోస్టులో ఆర్డరిచ్చేవాళ్ళు. అప్రెంటిసు పొద్దున్న సారె ముందు కూర్చుంటే సాయంత్రానికి ఒకే కొలతలో వరసలు వరసలు కప్పులు. సృజన ఎక్కడుంది ఇందులో? అని మీరడగొచ్చు. చాలామంది అడిగారు కూడా.

కానీ ఈ కేటలాగు మోసిన బరువు చూడండి. యుద్ధంలో, 1941లో, కార్ఖానా మీద జర్మన్ల మందుపాతర పడి సగం ధ్వంసమైంది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఇంకో ఇబ్బంది, ఫ్యాక్టరీల్లో బొమ్మలు వేసిన పింగాణీ అంతా ఎగుమతికే అని 1952 దాకా ఆంక్షలు. సొంత దేశం వాళ్ళకి మిగిలింది సాదా తెల్ల కప్పులు. అప్పుడు సెయింట్ ఐవ్స్ గోధుమరంగు కప్పులకి గిరాకీ వచ్చింది, తీర్చడానికి డేవిడ్ ఏర్పాటు సిద్ధంగా ఉంది. తండ్రి ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలివ్వడానికీ, తీరిగ్గా తన సొంత కుండలు చేసుకోవడానికీ ఆ కప్పులే ఆసరా. బోరు కొట్టే పనే సృజనకి జీతమిచ్చి పోషించింది.

ఇందులో చేదు కూడా ఉంది, దాచకూడదు. స్టాండర్డ్ వేర్ మీద కార్ఖానా ముద్ర ఉంటుంది, చేసినవాడి పేరుండదు. బెర్నార్డ్ పేరుతో ఇవాళ మ్యూజియాల్లో ఉన్న పెద్ద కుండలు కొన్ని ఆయన గీసిచ్చిన బొమ్మ చూసి బిల్ మార్షల్ సారె మీద లేపినవి. మన కోడ్ మీద కంపెనీ కాపీరైట్ ఉండడం మనకి అలవాటే కాబట్టి ఇది మనకి కొత్తగా అనిపించదు, కానీ చేతిపని గొప్పదనం గురించి పుస్తకాలు రాసిన చోట జరిగింది కాబట్టి కొంచెం గుచ్చుకుంటుంది.

ఆ పుస్తకాల సంగతీ చెప్పాలి. 1940లో లీచ్ 'ఎ పాటర్స్ బుక్' అచ్చువేశాడు. మట్టి మిశ్రమాలు, గ్లేజుల పాళ్ళు, బట్టీ నమూనాలు అన్నీ బయటపెట్టేశాడు. కుండల వంశాల్లో గ్లేజు రహస్యం తండ్రి నుంచి కొడుక్కి తప్ప పక్కింటికి తెలియని కాలంలో ఇది ఓపెన్ సోర్స్ లాంటి పని. ఆ పుస్తకం చదివి ఇంకో ఖండంలో ఎవరో పెరట్లో బట్టీ కట్టుకున్నారు. ఈ పని చేసేవాళ్ళంతా ఒకే కుటుంబం అనే భావన అలా పుట్టింది.

అమెరికా నుంచి వారెన్ మెకెంజీ, ఆలిక్స్ అనే దంపతులు అలాగే వచ్చి 1950 నుంచి రెండేళ్ళున్నారు. వాళ్ళకి వేరేవాళ్ళ బొమ్మ చూసి కప్పులు చెయ్యడం నచ్చలేదు. మిన్నెసోటా వెళ్ళాక అప్పటికప్పుడు సారె మీద పుట్టే ఆకారాలే చేశారు. అయినా రోజూ వాడే గిన్నెలు, తక్కువ ధర అనే సూత్రం మాత్రం వదల్లేదు. వారెన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి జీతం సంపాదించాడు కాబట్టి కుండల మీద ఎక్కువ ధర వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఇంటి దగ్గర కాపలా లేని గది, కుండ తీసుకుని డబ్బులు బుట్టలో వేసి వెళ్ళిపోవడమే. ఏళ్ళ తరబడి సాగింది. చివరికి జనం అక్కడ కారుచౌకగా కొని ఈబేలో ఎక్కువ ధరకి అమ్ముకోవడం మొదలెడితే 2006 ప్రాంతంలో ఆ గది మూసేశాడు. సముదాయం నమ్మకం మీద నడుస్తుంది, ఆ నమ్మకానికీ ఓ హద్దుంది.

హమదా సంగతేమైంది? టోక్యోకి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో మషికో అనే పల్లెలో స్థిరపడ్డాడు. అది అప్పటికే వంటింటి కుండలు చేసి టోక్యోకి పంపే ఊరు. పేరున్న కళాకారుడిగా వేరే గొప్ప చోటు వెతుక్కోకుండా, చవక కుండల ఊళ్ళో ఒకడిగా కలిసిపోయి, తన కుండల మీద సంతకం కూడా మానేశాడు. ఆయన వల్ల ఆ ఊరికి వందలమంది పనివాళ్ళు వచ్చి చేరారు. 2011 భూకంపంలో అక్కడి బట్టీలు కూలితే సెయింట్ ఐవ్స్ వాళ్ళు విరాళాలు పోగుచేసి పంపారు. 1920లో ఇద్దరు కుర్రాళ్ళు ఓడ దిగిన స్నేహం తొంభై ఏళ్ళ తర్వాత కూడా చెల్లుబాటైంది.

ఆ తీగ మన పక్కకీ పాకింది. జపాన్‌లో కుండల పని నేర్చుకుని, హమదా మీద 1974లో వచ్చిన సూజన్ పీటర్సన్ పుస్తకానికి దుబాసీగా సాయపడిన డెబొరా స్మిత్, భర్త రే మీకర్‌తో కలిసి 1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పోటరీ పెట్టింది. అక్కడా అదే సూత్రం. స్థానికులకి పని నేర్పి, చెప్పుకోదగ్గ స్టోన్‌వేర్ గిన్నెలూ పళ్ళేలూ అమ్మి నిలబడడం, ఆ నీడలో శిష్యులకి నేర్పడం. ఇవాళ మన దేశంలో స్టూడియో పోటరీ చేసే చాలామంది గురుపరంపర తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట ఆ పాండిచ్చేరి బట్టీ తగులుతుంది.

డేవిడ్ 1955లో తండ్రి కార్ఖానా వదిలి, డెవన్‌లో సొంతంగా పెట్టుకున్నాడు. 2005లో, తొంభై దాటాక పోయాడు. 1979లో బెర్నార్డ్ పోయిన ఏడాదే స్టాండర్డ్ వేర్ ఆపేశారు. 2008లో పాత కార్ఖానాని బాగుచేసి తిరిగి తెరిచారు. మ్యూజియం పెట్టి ఊరుకోలేదండోయ్. కుర్రాళ్ళని తీసుకుని, మళ్ళీ రోజువారీ కప్పులూ గిన్నెలూ, మళ్ళీ వరసలు వరసలు. తండ్రి కుండలు అద్దాల బీరువాలో ఉన్నాయి. అక్కడ పని నడుస్తున్నది కొడుకు పద్ధతిలో.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఇదంతా వదిలేసి హాయిగా..." అంటే నేను అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే. కల సరే బాబూ, కేటలాగులో ఏముంటుంది?