మూలమూ వ్యాఖ్యా: విద్యార్థులు చదివిన యూనిక్స్

ప్రబంధం చదివేటప్పుడు మూలాన్ని ఒక పక్క, టీకాతాత్పర్యాలను మరో పక్క పెట్టుకోవడం మన తెలుగు శాఖల్లో అలవాటే. కంప్యూటరు విద్యలోనూ అటువంటి చదువు ఒకటి నడిచిందనీ, దానికి కొంతకాలం అడ్డు పడిందనీ మన విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. ఆ కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పదలచాం.

అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించారు. ఆ సంస్థకు యజమాని అయిన ఏటీ అండ్ టీ, ప్రభుత్వంతో 1956లో కుదిరిన ఒప్పందం వల్ల, కంప్యూటర్ల వ్యాపారంలోకి దిగే వీలు లేకపోయింది. అందుచేత యూనిక్స్‌ను సోర్సు కోడుతో సహా విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముకు ఇచ్చేది. సోర్సు కోడు అంటే మనిషి చదివి దిద్దగల మూలపాఠం. యంత్రం నడిపేది దాని నుంచి తయారైన అంకెల రూపాన్ని. ఆ రూపం మాత్రమే చేతికిస్తే విద్యార్థి నేర్చుకోగలిగేది స్వల్పం.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఉండేవారు. తరగతి గదిలో వంద వరుసల ప్రోగ్రాములు రాసే విద్యార్థి పదిమంది కలిసి వాడే పెద్ద ప్రోగ్రామును ఎన్నడూ చూడకుండానే పట్టా పుచ్చుకుంటున్నాడన్నది ఆ కాలపు లోపం. లయన్స్ యూనిక్స్ ఆరవ కూర్పు గర్భభాగాన్ని, అంటే సుమారు 9 వేల వరుసలను, అంకెలు వేసి ఒక పుస్తకంగా కూర్చారు. ఏ వరుస ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో వివరిస్తూ మరో పుస్తకం రాశారు. 1976, 77 ప్రాంతంలో ఆయన విద్యార్థులు చదివినవి ఇవే. మూలంలో ఒకచోట, ఈ భాగం మీకు బోధపడుతుందని మేము అనుకోవడం లేదన్న అర్థంలో ఒక వ్యాఖ్య ఉంది. అది తమకూ సరిగా బోధపడలేదని రిచీ తరువాతి కాలంలో ఒప్పుకున్నారు. మల్లినాథుడికైనా ఇలాంటి కవి తారసపడి ఉండడు!

1979లో వచ్చిన ఏడవ కూర్పు లైసెన్సు మూలాన్ని తరగతిలో బోధించడాన్ని నిషేధించింది. యూనిక్స్‌కు అంగడి విలువ ఏర్పడడమే కారణం. లయన్స్ పుస్తకాలు జిరాక్సు ప్రతులుగా, వాటికి మళ్ళీ జిరాక్సులుగా చేతులు మారాయి. తెలుగు పాఠ్యగ్రంథాలను అలాగే సంపాదించుకున్న మన వంటివారికి ఆ మసక అక్షరాల విలువ వేరే చెప్పనక్కరలేదు. 1996లో గాని ఆ గ్రంథం బాహాటంగా అచ్చు కాలేదు. లయన్స్ 1998లో మరణించారు.

పాఠం చెప్పడానికి మూలం లేకపోయేసరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ తానే మినిక్స్ అనే చిన్న వ్యవస్థను రాసి, 1987లో పాఠ్యపుస్తకంతో పాటు దాని మూలాన్ని ప్రకటించారు. బోధనకు అనువుగా ఉండాలని దాన్ని చిన్నదిగానే ఉంచారు. ఇతరులు కోరిన చేర్పులను చాలావరకు ఒప్పుకోలేదు. గురువుగా అది సబబే. అయితే శిష్యులకు చదవడం ఒక్కటే చాలలేదు, దిద్దాలనీ ఉంది. ఆ పుస్తకం చదివి, మినిక్స్ మీద పనిచేస్తూ, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. దాంతో ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. దిద్దుబాటు పంపినవారికి అది ఎందుకు పనికిరాదో కూడా తెలిసేది. మా దృష్టిలో అసలు విద్య అక్కడే జరిగింది. పరీక్షలో మార్కు వస్తుంది గాని ఇంత వివరమైన విమర్శ రాదు.

ఇటువంటి వ్యవస్థల్లో తెర మీద కనిపించే మాటలు కూడా మూలంలో భాగమే. వాటిని తెలుగు చేసే పనిలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ, ఇతర స్వచ్ఛంద కార్యకర్తలు 2000 తరువాత పూనుకున్నారు. గ్నోమ్ తెలుగు అనువాదంలో ఫైలును దస్త్రం అన్నారు. మాకు నచ్చిన మాట ఇది. కచేరీ కాగితాలు ఎరిగిన బరంపురం, బళ్ళారి పెద్దలకు కొత్తదీ కాదు. ఫైలు అనే మాటే నాలుకకు అలవాటైంది కదా, మార్చడం దేనికని అడిగేవారూ ఉన్నారు. అలా అనుకునే విద్యార్థి హొసూరులో ఉన్నా షోలాపూరులో ఉన్నా ఆ మాటల పట్టికను తెరిచి, తన సవరణను కారణంతో సహా పంపవచ్చు.