శ్రమదానంతో బతికిన తొలి రైలు

కంపెనీ చేతులెత్తేసిన రైలు మార్గాన్ని మామూలు మనుషులు తీసుకుని, సెలవు రోజుల్లో పట్టాలు సరిచేసి, తామే డ్రైవర్లుగా, గార్డులుగా నిలబడి నడపడం బ్రిటన్‌లో ఇప్పుడు కొత్త సంగతి కాదు. అక్కడ ఇలాంటి మార్గాలు వందకు పైగా ఉన్నాయి. దీనికి మొదలు వేల్స్ పడమటి తీరాన ఉన్న టవిన్ అనే చిన్న ఊరు. అక్కడి టాలిల్లిన్ రైల్వే, స్వచ్ఛంద సేవకులు నిలబెట్టిన రైలు మార్గాల్లో ప్రపంచంలోనే మొదటిదిగా పేరు పొందింది.

ఈ రైలు పుట్టుకకు కారణం పత్తి. 1860ల మొదట్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల మాంచెస్టర్ మిల్లులకు పత్తి కరువొచ్చింది. మిల్లుల యజమానులైన మెక్‌కానెల్ కుటుంబం మరో వ్యాపారం వెతుక్కుంటూ వేల్స్ కొండల్లో బ్రిన్ ఎగ్లూయిస్ పలకరాయి గనిలో దిగింది. పలకరాయి అనగానే మనకు మార్కాపురం, బడిపిల్లల పలకలు గుర్తొస్తాయి. అక్కడ మాత్రం ఆ రాయిని పల్చటి బిళ్లలుగా చీల్చి ఇళ్ల కప్పులకు పరిచేవారు. ఆ బిళ్లలను కొండ మీదినుంచి తీరానికి దించడానికే 1865లో పార్లమెంటు చట్టంతో ఈ రైలు వచ్చింది. పొడవు సుమారు 7 మైళ్లు. పట్టాల మధ్య దూరం 2 అడుగుల 3 అంగుళాలే. ఇంత చిన్న గేజి మీద ఆవిరి ఇంజనుతో ప్రయాణికులను తీసుకెళ్లడానికి బ్రిటన్‌లో చట్టపరంగా అనుమతి దొరకడం అదే మొదలు.

ఈ మార్గానికి ఓ పుట్టులోపం ఉంది. ప్రభుత్వం తరఫున తనిఖీకి వచ్చిన కెప్టెన్ టైలర్ వంతెనల కింద కొలతలు తీసుకున్నాడు. పెట్టెకూ వంతెన గోడకూ మధ్య ఉండాల్సినంత జాగా లేదు. అక్కడ రైలు ఆగిపోతే తలుపు తెరిచి దిగే దారి ఉండదు. వంతెనలు పడగొట్టి కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని పట్టాలను వంతెనల కింద ఒక పక్కకు జరిపి, పెట్టెలకు ఆ వైపు తలుపులు శాశ్వతంగా మూసేశారు. నూటయాభై ఏళ్లు దాటినా ప్రయాణికులు ఒక పక్క నుంచే ఎక్కుతారు, దిగుతారు. డబ్బు లేకపోవడం ఒక్కోసారి ఎంత చక్కని ఉపాయం నేర్పుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1911లో స్థానిక ఎంపీ హేడన్ జోన్స్ గనినీ రైలునూ కొన్నాడు. 1946 డిసెంబరులో గని కూలి మూతపడింది. సరుకు లేని రైలుకు ఇక రాబడి ఎక్కడిది? అయినా తాను బతికున్నంత కాలం రైలు నడుపుతానన్న మాట ఆయన నిలబెట్టుకున్నాడు. ప్రభుత్వం రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ చిన్న మార్గం జాబితాలో చేరలేదు. నా దృష్టిలో దాని అదృష్టం అదే. ఇదే గేజి ఉన్న పొరుగు కోరిస్ రైల్వే ప్రభుత్వం చేతిలో పడి 1948లో మూతపడింది.

1950 జులైలో హేడన్ జోన్స్ కన్నుమూశాడు. అప్పటికే టామ్ రోల్ట్ అనే రచయిత ఈ రైలును కాపాడాలని బర్మింగ్‌హామ్ పత్రికకు ఉత్తరం రాశాడు. రోల్ట్ ఇంజనీరింగ్ పని నేర్చుకున్నవాడు, పాత కాలువల కోసం పోరాడినవాడు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో సమావేశం పెట్టారు. సంఘం ఏర్పడింది. హేడన్ జోన్స్ భార్య వాటాలను కొత్త కంపెనీకి బదలాయించడానికి ఒప్పుకుంది. 1951 మే 14న రోల్ట్ మేనేజరుగా రైలు మళ్లీ కదిలింది.

కదిలిందనడం తేలికే. పాత ఇంజన్లు రెండింటిలో నడిచే స్థితిలో ఉన్నది ఒక్క డాల్గోచ్. 1866 నాటిది. కోరిస్‌లో మిగిలిన రెండు ఇంజన్లను ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నారు. ఒకదానికి భారీ మరమ్మతు కావాల్సి వచ్చింది. రెండోదాని చక్రాల వెడల్పు తక్కువ. ఇక్కడేమో స్లీపర్లు కుళ్లి, పట్టాల మధ్య ఎడం ఎక్కువై ఉంది. అది మాటిమాటికీ పట్టాల మధ్యకు జారిపడేది. దాంతో ఆ ఏడాది భారమంతా ముసలి డాల్గోచ్ మీదే పడింది.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఇంజన్ల గురించే చెబుతారు. అసలు పని నేల మీద జరిగింది. మార్గమంతా గడ్డి కమ్మేసింది. చాలాచోట్ల పట్టాలను కదలకుండా పట్టి ఉంచింది ఆ గడ్డి వేళ్లే. గుమాస్తాలు, టీచర్లు, విద్యార్థులు శని ఆదివారాల్లో వచ్చి గడ్డి చెక్కారు, కుళ్లిన దిమ్మలు పీకారు, కొత్తవి వేసి కంకర కూరారు. రైలు పట్టాల మీద నడుస్తున్నదంటే ఆ గ్యాంగ్ పని వల్లే. వాళ్లకు రావలసిన పేరు ఇంకా రాలేదనే నా అభిప్రాయం. ఆ తర్వాత పైకొన దాటి పాత గని లైను మీదుగా నాంట్ గ్వెర్నోల్ దాకా పొడిగించి, 1976లో ప్రయాణికులకు తెరిచారు.

తొలినాళ్లలో గార్డుగా పనిచేసినవారిలో డబ్ల్యు. ఆడ్రీ అనే మతగురువు ఉన్నాడు. మన పిల్లలు టీవీలో చూసే థామస్ ఇంజను సృష్టికర్త ఆయనే. 1955లో వచ్చిన ఆయన పుస్తకంలోని చిన్న ఇంజన్లు ఈ మార్గానివే. ఒక స్టేషనులో ఫలహారాలమ్మే ఆవిడను వదిలేసి ఆయన రైలు బయల్దేరించిన సంఘటన కూడా కథగా మారింది.

టవిన్‌ను చూసి ఇతరులకు ధైర్యం వచ్చింది. ఉత్తర వేల్స్‌లో ఫెస్టినియోగ్ రైలు 1955లో మళ్లీ నడిచింది. జలవిద్యుత్ కేంద్రం జలాశయం దాని పాత దారిని ముంచేస్తే, స్వచ్ఛంద సేవకులు 1965 నుంచి కొండ చుట్టూ తిరిగి ఎక్కే కొత్త దారి తవ్వారు. 1982లో చివరి ఊరు చేరారు. ఉన్నదాన్ని కాపాడడమే కాదు, లేనిదాన్ని కట్టడం కూడా వాళ్లకు చేతనవుతుందని తేలింది.

ఉత్తర వేల్స్ పలకరాయి ప్రాంతానికి 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అందులో టాలిల్లిన్ కూడా ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు అక్కడినుంచి టవిన్ దాకా రైలుంది. వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లండి. వీలుంటే డాల్గోచ్ జలపాతం దగ్గర దిగి, స్లీపర్లు మారుస్తున్న వాళ్లు కనిపిస్తే ఆగి పలకరించండి. వాళ్లకు ఎప్పుడూ మనుషులు కావాలి.