ఎంత శుభ్రమైతే శుభ్రం?



మన సరిహద్దు జిల్లాలకూ బెంగుళూరుకూ ఉన్న సంబంధం బస్సులతోనో, కూలి పనులతోనో, కూరగాయల మార్కెట్టుతోనో మొదలైంది కాదు. అది నీటితో మొదలైంది. నంది కొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతానికి వస్తే మనం పెన్న అంటాం. చిక్కబళ్ళాపురం నేలలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తికి చేరుతుంది. పాలారు కోలారు సీమలో బయలుదేరి కుప్పం ప్రాంతాన్ని తాకి తమిళనాడుకు పోతుంది. దక్షిణ పినాకిని హొసకోట మీదుగా హోసూరు వైపు దిగుతుంది. మనుషులకూ లారీలకూ చెక్‌పోస్టులు ఉన్నాయి. నీటికి లేవు. నేల కింద నీటికి అసలే లేవు.

అందుచేత బెంగుళూరు తన మురుగును ఎంతవరకు శుభ్రం చేస్తుందన్నది ఆ నగరం సొంత వ్యవహారం కాదు. అది మన చెరువు సంగతి, మన బోరు సంగతి. చెడిపోయిన నేలను, చెడిపోయిన భూగర్భ జలాన్ని ఎంతవరకు బాగుచేస్తే చాలు? ఆ హద్దును ఎవరు, ఎలా నిర్ణయించారు? ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్ర చెప్పుకుందాం.

ముందు బెంగుళూరుతో మొదలుపెడదాం. పక్కన పెద్ద నది లేని ఊరు అది. పూర్వం చెరువుల మీదే బతికింది. 1896లో హెసరఘట్ట నుంచి, 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం నుంచి అర్కావతి నీళ్ళు వచ్చాయి. 1974లో కావేరి నీళ్ళు మొదటి విడతగా వచ్చాయి. నీళ్ళు ఎంత వస్తే మురుగు అంత పెరుగుతుంది గదా! నీళ్ళు తేవడంలో ఉన్న తొందర మురుగును శుద్ధి చేయడంలో లేకపోయింది. కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగంతా పల్లానికి పారి బెళ్ళందూరు చెరువులో చేరింది. 2015లో ఆ చెరువు మీది నురగకు నిప్పంటుకుంది. 2017 ఫిబ్రవరిలో, మళ్ళీ 2018 జనవరిలో చెరువు దగ్గర మంటలు లేచాయి. నీళ్ళు మండటం చూసి దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ చెరువు నీళ్ళు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకినిలో కలుస్తాయి. హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట కింద నురగ ఎందుకు పొంగుతుందో అక్కడి తెలుగు రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

మరి చట్టాలు లేవా అంటారేమో. ఉన్నాయి. మన దేశంలో జల కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. భోపాల్ దుర్ఘటన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే ఈ చట్టాల కింద పెట్టిన కొలతలు ముఖ్యంగా గొట్టం చివర కొలిచేవి. ఫ్యాక్టరీ నుంచో, శుద్ధి కేంద్రం నుంచో బయటికి వచ్చే నీటిలో ఏది ఎంత ఉండవచ్చునో అవి చెబుతాయి. ఆ నీరు ఇరవై ఏళ్ళపాటు ఇంకిన నేల ఏమైంది, ఆ నేల కింది నీరు ఏమైంది అంటే, ఆ కొలతల దగ్గర జవాబు లేదు. గొట్టం మూసేసినా విషం నేలలోనే ఉంటుంది. కంపెనీ పోయినా విషం పోదు.

ఈ సంగతి ధనిక దేశాలకు కూడా ఆలస్యంగానే తెలిసింది. 1978లో అమెరికాలో లవ్ కెనాల్ అనే చోట, రసాయన వ్యర్థాలు పూడ్చిన కాలువ పక్కనే ఇళ్ళు, బడి కట్టుకున్న జనం ఊరు వదలవలసి వచ్చింది. 1980లో హాలెండు దేశంలో లెక్కర్‌కెర్క్ అనే ఊళ్ళో అదే జరిగింది. ఇళ్ళ కింద రసాయన పీపాలు బయటపడ్డాయి. ఆ దెబ్బతో హాలెండు 1983లో నేల శుద్ధికి ఒక చట్టం చేసి, ఒక పట్టిక తయారు చేసింది. అందులో ఒక్కొక్క విషానికి మూడు అంకెలు. మొదటి అంకె లోపల ఉంటే నేల శుభ్రం. రెండో అంకె దాటితే ఇంకా పరీక్షించాలి. మూడో అంకె దాటితే బాగుచేయాలి. ప్రపంచంలో చాలా దేశాలు ఆ పట్టికను చూసే తమ పట్టికలు రాసుకున్నాయి.

హాలెండువారు మొదట, బాగుచేసిన నేల ఏ పనికైనా పనికిరావాలన్నారు. దానికయ్యే ఖర్చు చూశాక, 1990ల చివరికి మాట మార్చారు. ఏ పనికి వాడతామో ఆ పనికి తగినంత శుభ్రం చాలన్నారు. లారీల షెడ్డు కింది నేల ఒక లెక్క, పిల్లలు ఆడుకునే నేల మరొక లెక్క, ఆకుకూర పండే నేల ఇంకొక లెక్క. ఇందులో న్యాయం ఉంది, ప్రమాదమూ ఉంది. ఆ నేల మీద ఎవరు నిలబడతారో, ఆ నీరు ఎవరు తాగుతారో ముందు నిర్ణయించి ఆ తరువాతే అంకె వేస్తారు. ఎవరినైనా లెక్కలో మరచిపోతే, అంకె వాళ్ళను కాపాడదు.

మన దేశంలో ఈ తగవు కోర్టులకెక్కింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రి గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు ఇంకి బావులు పాడయ్యాయి. చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ డబ్బు కట్టమని 2011లో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. 37 కోట్ల రూపాయలకు పైగా, చక్రవడ్డీతో సహా. మధ్యలో పదిహేనేళ్ళు! మన తెలుగునాట పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు కూడా ఏళ్ళ తరబడి నడిచింది.

అంకె మీద తగవు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే కొడైకెనాల్ చూడాలి. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వ్యవహారం బయటపడి 2001లో మూతపడింది. నేలను ఎంతవరకు శుద్ధి చేయాలి? కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం ఉండవచ్చునని అధికారులు ఒప్పుకున్నారు. అంతకన్నా చాలా తక్కువ ఉండాలని పర్యావరణవాదులు వాదించారు. ఆ స్థలాన్ని పాత ఫ్యాక్టరీ ఆవరణగా చూస్తే ఒక అంకె వస్తుంది. కింద ఉన్న షోలా అడవిని, వాగును, చేపలను కూడా కలిపి చూస్తే మరొక అంకె వస్తుంది.

ఇక మన వాకిట్లోకి వద్దాం. 2018లో బెంగుళూరు మురుగును శుద్ధి చేసి, గొట్టాల ద్వారా కోలారు జిల్లా చెరువులకు పంపడం మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, నూరు పైచిలుకు చెరువులు. అదే కె.సి. వ్యాలీ పథకం. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని సీమకు అది చిన్న విషయం కాదు. ఎండిన చెరువులు నిండాయి. బోర్లలో నీటి మట్టం పెరిగింది. ఆ మేలును కాదనకూడదు.

కాని 2018 జూలైలో, మొదట నిండిన లక్ష్మీసాగర చెరువులోనే నురగ లేచింది. రైతు సంఘాలవారు హైకోర్టుకు వెళ్ళారు, పంపింగు ఆగింది. షరతుల మీద మళ్ళీ మొదలైంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వు తొలగించింది. రైతులు అడిగింది ఒక్కటే. ఇప్పుడు శుద్ధి రెండు మెట్లు జరుగుతున్నది, మూడో మెట్టు కూడా జరిపించండి అని. మొదటి మెట్టులో చెత్త, మడ్డి తీస్తారు. రెండో మెట్టులో సూక్ష్మజీవుల చేత మురుగును తినిపిస్తారు. మిగిలిన భాస్వరం, నత్రజని, సన్నని మలినాలు, క్రిములు తీసేది మూడో మెట్టు.

ఇక్కడ తగవు లోతు గమనించండి. ఈ నీరు చెరువులు నింపి భూగర్భ జలం పెంచడానికే గాని, నేరుగా పొలానికి తోడుకోవడానికి కాదని నిబంధన. మరి భూమిలో ఇంకిన నీరు ఎక్కడికి పోతుంది? బోరులోకి. బోరు నీళ్ళు ఎవరు తాగుతారు? ఊరు. మట్టి కొన్ని క్రిములను, కొంత మురికిని వడగడుతుంది, నిజమే. కాని ఉప్పులు, నైట్రేట్లు మట్టిలో నుంచి సులభంగా దిగిపోతాయి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదు. గొట్టం దగ్గర అంకె సరిపోయినంత మాత్రాన బిందె దగ్గర అంకె సరిపోయినట్టు కాదు. ఆ రెండూ వేరు వేరు కొలతలు.

దగ్గరలోనే మరో ఉదాహరణ ఉంది. కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది మొదలు, 2001 ఫిబ్రవరి 28న మూతపడేవరకు, తెలుగు, తమిళ కూలీలు ఎన్ని తరాలు ఆ గనుల్లో దిగారో! రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం తీసుకుని, మిగిలిన పిండిని గుట్టలు పోశారు. ఆ సైనైడు దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైగా ఉందంటారు. ఎండకూ గాలికీ సైనైడు క్రమంగా విరిగిపోతుంది. లోహాలు విరగవు. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది.

చివరికి 2025 జూలైలో, కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అనుమానమున్న స్థలాల మీద జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష, మరో 90 రోజుల్లో పూర్తి సర్వే చేయాలి. ఖర్చు చెడగొట్టినవాడిదే. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, పని మొదలైనవి 7. ఇది మంచి అడుగే. అయితే గని తవ్వకాల వల్ల వచ్చిన కాలుష్యాన్ని, పట్టణాల చెత్త గుట్టలను ఈ నియమాలు మామూలుగా తమ పరిధిలోకి తీసుకోవు. అంటే మనకు కంటి ముందు కనపడే దిబ్బలు ఆ గీతకు అవతలే నిలిచాయన్నమాట.

శ్రోతలారా, అంకెలంటే అవి శాస్త్రవేత్తల పని అని మనం ఊరుకుంటాం. విషం ఎంత ఉందో కొలిచేది శాస్త్రమే. ఎంత ఉండవచ్చునో చెప్పేటప్పుడు మాత్రం, ఆ నీరు ఎవరిది, ఆ నేల ఎవరిది అనే ప్రశ్న అందులో కలిసే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాళ్ళలో మనమూ ఉన్నాం. మీ ఊరి చెరువుకు నీళ్ళు వస్తే సంతోషించండి, పూజ చేయండి. ఆ తరువాత మూడు మాటలు అడగండి. నీటిని ఎక్కడ పరీక్షించారు, గొట్టం దగ్గరా, బోరు దగ్గరా? ఏ ఏ మలినాలకు పరీక్షించారు? ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఎందుకు లేవు?

ఈ మూడింటికీ జవాబు రాబట్టిన ఊరు తన నీటికి తానే కాపలా కాసుకున్నట్టు.