ఉప్పుకై తపించిన బాలుడు

మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులంటారు. ఇవి చెడినచో మనిషి క్రమముగా క్షీణించి మరణిస్తాడని లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ 1855లో వెల్లడించినాడు. నీరసము, ఆకలి మందగించుట, చర్మము నల్లబడుట ఆయన చెప్పిన గుర్తులు. పసివారిలో ఈ లోపము వేరొక వేషములో రాగలదు.

అమెరికాలో బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మూడున్నరేండ్ల బాలుని చేర్చినారు. వయస్సుకు మించిన యౌవన లక్షణములు కనబడుటయే అందుకు కారణము. వానికి మరొక వింత అలవాటు కూడ ఉన్నది. ఏడాది వయస్సునుండే బిస్కత్తులపై అద్దిన ఉప్పును నాకివేసి ఇంకా కావాలనేవాడు. వాడు నేర్చిన తొలి మాటలలో ‘ఉప్పు’ ఒకటి! ఆస్పత్రిలో అందరికీ పెట్టే భోజనమే వానికీ పెట్టినారు. కోరినంత ఉప్పు దొరకలేదు. ఏడు దినములలో మరణించినాడు. శవపరీక్షలో అధివృక్క గ్రంథుల లోపము బయటపడినది.

లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్‌లు ఈ వృత్తాంతమును 1940లో ప్రకటించినారు. రిక్టర్‌కు ఇందులోని మర్మము సులభముగానే బోధపడియుండును. అధివృక్క గ్రంథులు తీసివేసిన ఎలుకలు ఉప్పునీటిని వెదకి త్రాగి ప్రాణము నిలుపుకొంటాయని ఆయన 1936లోనే చూపియున్నాడు. పిల్లవాని మారాముగా కనబడినది నిజమునకు వాడు తనకు తాను చేసుకొన్న చికిత్స.

ఈ గ్రంథుల పైపొరలో తయారయ్యే ఆల్డోస్టెరాన్ అను హార్మోను మూత్రములో సోడియము వృథా కాకుండ కాపాడుతుంది. అది లోపించినచో ఉప్పూ, దానితో నీరూ పోయి, రక్తపు పీడనము పడిపోతుంది. రక్తములో పొటాసియము పెరుగుతుంది. యౌవన లక్షణముల మాటేమి? పుట్టుకతో ఒక ఎంజైము లోపించిన శిశువులలో కార్టిసాల్ చాలినంత తయారు కాదు. అది చాలలేదని పీయూష గ్రంథి హెచ్చరించినకొద్దీ అధివృక్క గ్రంథులు ఉబ్బి, దారి మళ్లిన ముడిపదార్థములతో పురుష హార్మోనులను అధికముగా తయారుచేస్తాయి. ఒకే లోపమునుండి ఒకవైపు కొరత, మరొకవైపు మితిమీరిన ఉత్పత్తి! ఇట్టి శిశువులు కొందరు పుట్టిన రెండు మూడు వారములలో వాంతులతో, బరువు తగ్గి, సొమ్మసిల్లిపోతారు. దీనిని జీర్ణకోశ వ్యాధిగా పొరబడుట కద్దు.

1950లో విల్కిన్స్ ఇట్టి పిల్లలకు కార్టిసోన్ ఇచ్చి, పురుష హార్మోనుల ఉత్పత్తిని అణచవచ్చునని చూపినాడు. 1953లో ఆల్డోస్టెరాన్‌ను వేరుచేసినారు. శిశువు మడమనుండి తీసిన రక్తపు బొట్టుతో ఈ లోపమును పసిగట్టు పరీక్ష 1977లో వెలువడినది.